హద్దులు లేని స్థలం

ఈ కథ ఎక్కడ ముగిసిందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 32 లక్షల ఖాతాలు, సుమారు 6,380 కోట్ల రూపాయలు, పదేళ్లు దాటినా తెగని వ్యవహారం. అగ్రిగోల్డ్ పేరెత్తితే ఇప్పటికీ కోస్తా ఊళ్లలో ఎవరికో ఒకరికి ఒక ఇల్లు గుర్తుకొస్తుంది, ఆ ఇంట్లో ఒక మనిషి గుర్తుకొస్తాడు, చెబుతున్న గొంతు తగ్గిపోతుంది. ముగింపు తెలిసి మళ్లీ మొదటికి వెళ్తే మంచి రోజులే ఎక్కువ భయపెడతాయి. తొలి కిస్తీ కట్టి రసీదు చూసుకుని మురిసిపోయిన రోజు మరీ భయపెడుతుంది.

ఎవరు వాళ్లు? దర్జీలు, ఆటో డ్రైవర్లు, నాలుగిళ్లలో అంట్లు తోమే ఆడవాళ్లు, పింఛనులో కొంత పక్కన పెట్టుకునే రిటైరైన బడిపంతుళ్లు, బజ్జీల బండి నడుపుకునే దంపతులు. తాతల నాటి పొలం లేనివాళ్లు, ఉన్నది పంపకాల్లో అరిగిపోయినవాళ్లు. వాళ్లలో చాలామందికి భూమి అన్నది కొనడానికి పూనుకోవడం బతుకులో అదే మొదటిసారి. పెద్ద మేడలేం అడగలేదు. పిల్ల పెళ్లినాటికి ఓ వంద గజాలు. ముసలితనంలో ఒకరి పంచన పడకుండా రెండు గదులు వేసుకోగలిగినంత నేల. ఆ మాటే ఒకరితో ఒకరు రాత్రి భోజనాలయ్యాక చెప్పుకుని ఉంటారు, పక్కింటివాళ్లు వింటారేమోనని సిగ్గుపడుతూ.

అడ్డం వచ్చిందల్లా ఒక్కటే. స్థలం కొనాలంటే సొమ్ము మొత్తం ఒక్కసారే కావాలి. రోజు సంపాదన రోజుకే సరిపోయే ఇంట్లో అంత మొత్తం ఏనాటికి కూడేను? కూడేలోపు ధర మరో మెట్టు ఎక్కుతుంది. ఊరి చివర పొలాలు ప్లాట్లవుతున్న కాలం అది. రాళ్లు పాతుతున్నారు, రాళ్లకు రంగులు వేస్తున్నారు, నిన్న ఎకరాల్లో అమ్మిన నేలను ఇవాళ గజాల్లో అమ్ముతున్నారు. చూస్తుండగానే చెయ్యి జారిపోతోందన్న దిగులు పట్టణాల్లోని పేటల్లో ఇంటింటా ఉండేది. అలాంటి వేళ ఒకరు వచ్చి, ఒక్కసారే కట్టనక్కర్లేదు, నెలనెలా కట్టుకోండి అన్నారు.

అగ్రిగోల్డ్ 1995లో విజయవాడ కేంద్రంగా పుట్టింది. అవ్వా వెంకట రామారావు ఛైర్మన్‌, సోదరులూ బంధువులూ డైరెక్టర్లు. వ్యవసాయ భూములతో మొదలై ఇళ్ల స్థలాలకూ, ఆహార పదార్థాలకూ, విద్యుత్తుకూ, మంగళగిరి దగ్గర చినకాకానిలో జాతీయ రహదారి పక్కన వెలసిన హాయ్‌ల్యాండ్‌ వినోదాల పార్కుకూ విస్తరించింది. ఆంధ్ర, తెలంగాణ దాటి కర్ణాటకకు, ఒడిశాకు, తమిళనాడుకు, ఇంకా అవతలికీ ఆఫీసులు తెరిచింది. పథకం వినడానికి ఎంతో నిమ్మళంగా ఉండేది. నెలకో, మూడు నెలలకో, ఏడాదికో ఇంత అని కొన్నేళ్లు కట్టాలి. గడువు తీరాక స్థలం కావాలంటే స్థలం, వద్దంటే వడ్డీతో సొమ్ము. కొత్తగా కొనేవాడి రెండు భయాలకూ అందులో జవాబు ఉంది. స్థలం దొరకదేమో అన్న భయానికీ, కొన్నాక అవసరానికి డబ్బు చేతికి రాదేమో అన్న భయానికీ.

వచ్చి చెప్పినవాడు బయటివాడైతే గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఆ ఏజెంటే. అతను మేనమామ కొడుకు. లేదా పదో తరగతిలో పక్క బెంచీవాడు, పొదుపు సంఘంలో లెక్కలు రాసే అమ్మాయి, వీధి చివర కిరాణా కొట్టాయన. మొదట తన పేరున, భార్య పేరున, పిల్లల పేరున కట్టి, ఆ రసీదులు చూపించి మరీ అడిగినవాడు. కమీషను ఉంది, నిజమే. ఆ కమీషను మీద అతని ఇల్లు గడిచింది, అదీ నిజమే. కానీ వేల మంది ఏజెంట్లలో అత్యధికులు తాము నమ్మిందే పక్కవాళ్లకు చెప్పారు. నెల మొదటి వారంలో సైకిలు మీదో, తర్వాత బండి మీదో వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, డైరీలో రాసుకుని వెళ్లేవాడు.

"అక్కా, నేనున్నాగా, ఎక్కడికి పోతాను?"

"నువ్వున్నావనే కదరా కడుతోంది."

ఇంతకు మించిన ఒప్పందం వేల ఇళ్లలో జరగలేదు. ఆవిడ సంతకం కింద ఉన్న షరతులు ఆవిడా చదవలేదు, అతనూ చదవలేదు.

బాండు మాత్రం ఇచ్చారు. పేరు, కట్టాల్సిన సొమ్ము, గడువు, నామినీ, కంపెనీ ముద్ర. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రేషన్ కార్డూ పిల్లల టీసీలూ ఉండే ట్రంకు పెట్టెలో అడుగున దాచుకున్నారు. ఆ కాగితం మీద లేనివేమిటో ఇప్పుడు చూస్తే గుండె చివుక్కుమంటుంది. చాలామందికి తమ స్థలం ఏ ఊళ్లో ఉందో, ఏ సర్వే నంబరులో ఉందో తెలియదు. తూర్పున ఎవరి భూమి, పడమర ఏ బాట, ఉత్తరాన ఏ కాలువ, ఏదీ తెలియదు. తర్వాత్తర్వాత కేంద్ర దర్యాప్తు సంస్థ ఈడీ చెప్పిందీ ఇదే. అది పేరుకు స్థలాల వ్యాపారం, జరిగింది డిపాజిట్ల సేకరణ.

మన పల్లెల్లో భూమి కొనడానికి ఒక పద్ధతి ఉండేది. అక్షరం రాని రైతు కూడా కొనబోయే చెక్క చుట్టూ ఒకసారి నడిచేవాడు. గట్టు మీద నిలబడి పక్క చేలవాళ్లను కేకేసి, ఇది ఎవరిది, తగాదాలేమైనా ఉన్నాయా అని అడిగేవాడు. కరణం దగ్గర అడంగల్ చూపించమనేవాడు. లింకు దస్తావేజులు అడిగేవాడు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి, ముందు ఎవరికి తాకట్టు పెట్టారో, ఎవరికి అమ్మారో చూసుకునేవాడు. ఆ తర్వాతే బయానా. పిల్లవాణ్ని చూడకుండా పిల్లనివ్వనట్టే, హద్దులు చూడకుండా డబ్బు ఇచ్చేవాళ్లు కాదు. ఈ చదువు ఏ బడిలోనూ చెప్పరు. పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాడికి నాన్న వెనక నడుస్తూ అబ్బుతుంది. పొలం లేని ఇంట్లో పుట్టి, తొలిసారి కొనబోయేవాడికి ఎవరు చెప్తారు? నాలుగు హద్దులు రాసివ్వమని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. ఆ మాట అడగొచ్చని తెలియకపోవడమే వాళ్ల పేదరికం. అడిగితే తమ్ముడు నొచ్చుకుంటాడేమోనన్న మొహమాటం దానికి తోడైంది.

కథ మరో దారి పట్టడానికి వీలున్న మలుపులు ఇంకా ఉన్నాయి. ఒక్కోచోటా ఆగి చూడాలనిపిస్తుంది.

1990లలో దేశమంతా టేకు చెట్ల కంపెనీలు, తోటల కంపెనీలు జనం దగ్గర సొమ్ము పోగేసి చేతులెత్తేశాయి. ఆ దెబ్బకే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 1999లో ఇలాంటి సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది. పదిమంది సొమ్ము కలిపి ఒకరు నడిపే పథకానికి సెబీ అనుమతి ఉండాలి. అగ్రిగోల్డ్ భూముల పథకానికి ఆ అనుమతి లేదు. పథకం మూసి సొమ్ము తిరిగి ఇచ్చేయమని సెబీ ఆదేశించింది కూడా. ఆ రోజున అది అక్కడితో ఆగి ఉంటే నష్టం చిన్నది, నష్టపోయేవాళ్లు కొద్దిమంది, బహుశా ఎవరూ లేరు. కానీ తర్వాత అగ్రిగోల్డ్ గొడుగు కింద వందకు పైగా కంపెనీలు పుట్టాయి, పథకం రూపు మార్చుకుంది, కిస్తీ పేరు స్థలం కోసం అడ్వాన్సు అయింది. ముంబయిలో సెబీ ఇచ్చిన ఉత్తర్వు ఆ అరుగు దాకా రాలేదు. ఆ ఊళ్లో దాన్ని చదివి వినిపించేవాళ్లెవరు?

2001లో హైదరాబాదులో కృషి బ్యాంకు కూలింది. బ్యాంకు ముందు డిపాజిటర్లు రోదిస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. చూసినవాళ్లు అయ్యో అనుకున్నారు. తమ సొమ్ము బ్యాంకులో లేదు, భూమిలో ఉంది అనుకున్నారు. భూమి ఎక్కడికి పోతుంది?

తర్వాత కొన్నేళ్ల పాటు గడువు తీరిన బాండ్లకు డబ్బు వచ్చింది. నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు పుట్టించేవి ఆ రోజులే. చెక్కు చేతికొచ్చింది, బ్యాంకులో వేస్తే మారింది. జీవితంలో మొదటిసారి ఒక ఆడమనిషి, మొగుడి ప్రమేయం లేకుండా, తన కష్టార్జితాన్ని వడ్డీతో సహా కళ్లజూసింది. ఆ పూట ఇంట్లో పాయసం ఉండి ఉంటుంది. ఏజెంటు తల ఎత్తుకుని వీధిలో నడిచి ఉంటాడు. అక్కడ ఆగిపోతే బాగుండేది! ఆ సొమ్ముతో ఊరి పక్కనే, ఎంత చిన్నదైనా, రిజిస్టరు చేయించుకున్న రెండు సెంట్లు కొనుక్కుంటే బాగుండేది. కానీ వచ్చిందానికి మరికొంత చేర్చి మళ్లీ కట్టారు. చెల్లెలి చేతా, పక్కింటివాళ్ల చేతా కట్టించారు. మాట నిలబెట్టుకున్నవాణ్ని ఇంకా ఎక్కువ నమ్మడం మనుషుల్లో ఉన్న మంచి గుణం. ఆ గుణమే వాళ్లను ముంచింది.

వెనకాల జరుగుతున్నది మాత్రం వేరు. ఇవాళ గడువు తీరినవాడికి ఇచ్చేది నిన్న చేరినవాడి సొమ్ము. కట్టించుకున్నది నగదు, పెట్టింది భూముల్లో, అనుబంధ వ్యాపారాల్లో. భూమి ధర పెరగడానికి ఏళ్లు పడుతుంది. బాండు గడువుకు ఏళ్లు ఆగడం తెలియదు. కొత్తవాళ్లు చేరుతున్నంత కాలం ఆ తేడా ఎవరికీ కనబడదు. 2014లో కనబడింది.

ఆ ఏడాది గురించి చెప్పాలంటే మాట తడబడుతుంది. జూన్‌లో రాష్ట్రం విడిపోయింది. రాజధాని విజయవాడ, గుంటూరుల నడుమ వస్తుందన్న కబురుతో కృష్ణకు ఇరువైపులా భూమి ధర ఆకాశాన్నంటింది. పాతికేళ్లుగా ఎవరూ అడగని చేలకు కార్లు బారులు తీరాయి. తమ కంపెనీ భూములు ఆ చుట్టుపక్కలే ఉన్నాయని, హాయ్‌ల్యాండ్‌ అక్కడే ఉందని ఖాతాదారులకు తెలుసు. మన పంట పండిందనుకున్నారు. సరిగ్గా అప్పుడే చెక్కులు తిరిగి రావడం మొదలైంది. మొదట ఒక వారం ఆగమన్నారు, తర్వాత ఒక నెల. ఆఫీసులో మనిషి ఫోను ఎత్తడం మానేశాడు. అంతటి భూముల వేడిలో, భూమి పేరు మీద సొమ్ము కట్టినవాళ్లు వట్టి చేతులతో బ్యాంకు మెట్లు దిగారు.

2015 ఆరంభంలో కేసులు నమోదయ్యాయి. దర్యాప్తు సీఐడీకి వెళ్లింది. వ్యవహారం హైకోర్టుకు చేరింది. 2016 ఫిబ్రవరిలో ఛైర్మన్‌ను అరెస్టు చేశారు. ఆఫీసులకు తాళాలు పడ్డాక జనం వెళ్లగలిగిన గుమ్మం ఒక్కటే మిగిలింది. అది ఏజెంటు గుమ్మం.

నెలనెలా మంచినీళ్లిచ్చిన ఇళ్లవాళ్లే వచ్చి నిలదీశారు. కొందరు తిట్టారు, కొందరు ఏమీ అనకుండా అరుగు మీద కూర్చుని ఏడ్చారు. తిట్టినవాళ్లే నయం అని చెప్పిన ఏజెంట్లున్నారట, నమ్మబుద్ధేస్తుంది. కొందరు భార్య మెడలో ఉన్నది అమ్మి తెలిసినవాళ్ల సొమ్ము కట్టారు. కొందరు రాత్రికి రాత్రి ఊరు విడిచి ఎవరూ ఎరగని చోట కూలికి వెళ్లారు. ఏజెంట్లలోనూ ఖాతాదారుల్లోనూ ఆత్మహత్యలు చేసుకున్నవాళ్లున్నారు. బెంగతో మంచం పట్టి పోయినవాళ్లు మరెందరో. నేనున్నాగా, ఎక్కడికి పోతాను అన్నవాడు ఆ మాట నిలుపుకోలేక పోయాడు, కొన్ని ఊళ్లలో మనిషే లేకుండా పోయాడు.

ఈ కథలో ఒక్క మంచి మాట ఉందంటే అది ఇక్కడుంది. ఖాతాదారులూ ఏజెంట్లూ కలిసి ఒకే సంఘం పెట్టుకున్నారు. విజయవాడ ధర్నాల్లో, ఎండలో, ఒకే షామియానా కింద మోసపోయినవాడూ, వాణ్ని చేర్పించినవాడూ పక్కపక్కన కూర్చున్నారు. కేసుకు కావలసిన కాగితాలు కలిసి పోగు చేశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం ఎంత కష్టమైందో ఊహించుకోవాల్సిందే. అయినా కూర్చున్నారు.

దురాశ దుఃఖానికి చేటు అని అప్పట్లో చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటారు. నేనా మాట ఒప్పుకోలేను. నెలకు రెట్టింపు చేసిస్తామన్న గొలుసుకట్టు పథకం వెంట పరిగెత్తినవాళ్లు కారు వీళ్లు. ఏళ్ల తరబడి ఒక్క కిస్తీ తప్పకుండా, పండక్కి చీర మానుకుని, జ్వరమొస్తే ఆర్ఎంపీ మందులతో సరిపెట్టుకుని కట్టినవాళ్లు. ఓపికకు దురాశ అని పేరు పెట్టడం న్యాయం కాదు.

ఆస్తులున్నాయి, అమ్మి ఇచ్చేస్తే సరి అనుకున్నారు అందరూ. కోర్టు పర్యవేక్షణలో వేలాలు మొదలయ్యాయి. కొన్నిటికి కొనేవాళ్లు రాలేదు, కొన్నిటికి వచ్చిన ధర చాలలేదు. మొత్తం ఆస్తులు తాము తీసుకుని బాకీలు తీరుస్తామని ఎస్సెల్ గ్రూపుకు చెందిన సుభాష్‌చంద్ర ఫౌండేషన్‌ ముందుకొచ్చినప్పుడు మళ్లీ కొంత ఊపిరి పోసుకున్నారు. ట్రంకు పెట్టెలు మళ్లీ తెరుచుకున్నాయి. లెక్కలు చూశాక 2018లో ఆ సంస్థ వెనక్కి తగ్గింది. రాజధాని చుట్టూ భూమి ధర ఇంకా నిలిచి ఉన్న రోజులవి. అప్పుడే తెగి ఉంటే, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటనతో ఆ ధర పడిపోయేనాటికి సొమ్ము ఇళ్లకు చేరి ఉండేదేమో. ఏమో. ఈ కథ నిండా ఇలాంటి ఏమోలే. స్థిరాస్తి నియంత్రణకు రెరా చట్టం కూడా 2016లో వచ్చింది. ప్లాట్ల ప్రాజెక్టు రిజిస్టరు చేయకుండా అమ్మరాదని, ఒక్కో ప్రాజెక్టు సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలని అది చెప్పేనాటికి ఇక్కడ ఖాతాలన్నీ స్తంభించిపోయాయి.

చివరికి ఆంధ్ర ప్రభుత్వమే కొంత ఇచ్చింది. 2019 నవంబరులో 10 వేల లోపు కట్టిన సుమారు 3 లక్షల 70 వేల మందికి 264 కోట్లు, 2021 ఆగస్టులో 20 వేల లోపువాళ్లకు మరో విడత. గ్రామ, వార్డు సచివాలయాల ముందు బాండ్లు పట్టుకుని బారులు తీరారు. రసీదులు చెదలు పట్టినవాళ్లు, పేరులో ఒక అక్షరం ఆధార్‌తో కలవనివాళ్లు, కట్టిన మనిషి పోగా మరణ ధ్రువపత్రం పట్టుకుని వచ్చిన కొడుకులు. ఇచ్చింది అసలే, అదీ ఏళ్లు గడిచాక. అయినా కళ్లకద్దుకున్నారు. ఎక్కువ కట్టినవాళ్లకు, అంటే ఎక్కువ నమ్మినవాళ్లకు, ఆ గీత అవతల చోటు లేకపోయింది. రూ.20 వేలకు పైబడి కట్టినవారిలో అత్యధికులు ఆంధ్రలోనూ, పక్క రాష్ట్రాల్లోనూ ఎదురుచూస్తూ ఉండిపోయారు.

2020 డిసెంబరులో ఈడీ కూడా అరెస్టులు చేసింది, ఆస్తులు జప్తు చేసింది. 2025 ఫిబ్రవరిలో వాటిలో రూ.3,339 కోట్ల ఆస్తుల్ని, హాయ్‌ల్యాండ్‌ సహా, బాధితులకు పంచడానికి వీలుగా ప్రభుత్వానికి అప్పగించింది. అది జప్తు నాటి లెక్క. అప్పగించేనాటి మార్కెట్‌ ధర ఆరు వేల కోట్లకు పైనేనని కూడా ఈడీ చెప్పింది. అంటే జనం కట్టినదానికి ఇంచుమించు సరిసమానం. భూమి ధర తప్పకుండా పెరుగుతుంది అక్కా అని ఆ ఏజెంటు అరుగు మీద కూర్చుని చెప్పిన మాట అక్షరాలా నిజమైంది. పెరిగిన ఆ భూమిలో ఒక్క గజమూ ఆవిడ పేరున లేదు. ఇంకా ఎంత కాలానికి ఎంత వస్తుందో కోర్టు తేల్చాలి. బాండు మీద నామినీగా రాయించిన పిల్లకు ఏ స్థలం లేకుండానే పెళ్లయిపోయింది.